ఘాటీలో ఏ మోడ్, వానలో ఏ మోడ్: కారులో ఆ నాబ్ తిప్పితే లోపల ఏం మారుతాది

మా ఒడిశాలో రాయగడ, కోరాపుట్, జైపూర్ వైపు ఇప్పుడు కొత్త బళ్లు బాగా దిగాయి. నెక్సాన్, క్రెటా, సెల్టోస్, స్కార్పియో ఎన్, వీటిలో కొంచెం పై వేరియంట్ తీసుకుంటే గేరు రాడ్ దగ్గర ఒక నాబో బటనో ఉంటాది, ఎకో, సిటీ లేదా నార్మల్, స్పోర్ట్ అని, స్కార్పియోలో అయితే జిప్ జాప్ జూమ్ అని. తాళాలు చేతికిచ్చిన రోజు ఏ మోడ్‌లో ఉందో రెండేళ్ల తర్వాత కూడా అదే మోడ్‌లో తిరుగుతున్న బళ్లు చాలా చూశాను. ఇంకొందరైతే ఎకోలో పెడితే ఆయిల్ (పెట్రోలో డీజిలో) మిగులుతాదని సాలూరు నుంచి సుంకి ఘాటీ (కొండ రోడ్డు) మొత్తం ఎకోలోనే ఎక్కేసి, పైన టీ కొట్టు దగ్గర ఆపి "బండి అసలు లాగట్లేదు బావా, అనవసరంగా కొన్నాను" అంటారు. బండి లాగుతాది. లాగొద్దని బటన్ నొక్కి మరీ చెప్పింది మనమే.

అసలు లోపల జరిగేదేంటి

పాత అంబాసిడర్లు, పాత జీపుల్లో రేసు పెడల్ నుంచి ఇంజన్ దాకా నేరుగా ఒక కేబులో కడ్డీయో ఉండేది, ఎంత తొక్కితే అంత తెరుచుకునేది, మధ్యలో ఎవడూ లేడు. ఇప్పటి బళ్లలో అవి లేవు. పెడల్ దగ్గర సెన్సార్ ఉంటాది, కాలు ఎంత దిగిందో అది ఈసీయూ అనే కంప్యూటర్‌కి చెప్తాది, అది లెక్క చూసుకుని ఇంజన్‌కి ఎంత గాలి ఎంత ఆయిల్ పంపాలో తేలుస్తాది. అంటే మన కాలు పెట్టేది అర్జీ మాత్రమే, మంజూరు చేసేది ఈసీయూ. ఎకోలో అర్జీని కోసి మంజూరు చేస్తాది, స్పోర్ట్‌లో కొంచెం అడగ్గానే ఎక్కువ ఇచ్చేస్తాది, సిటీ లేదా నార్మల్ ఈ రెంటికీ మధ్యలో.

కాబట్టి స్పోర్ట్‌లో పెడితే ఇంజన్‌కి కొత్తగా పవర్ పుట్టుకొస్తాది అనుకోకండి. 120 పీఎస్ బలం ఉన్న ఇంజన్ ఏ మోడ్‌లో అయినా 120 పీఎస్ ఇంజనే. చాలా బళ్లలో ఎకోలో ఉన్నా సరే పెడల్ నేలకి తొక్కేస్తే దాదాపు ఉన్న పవరంతా వస్తాది, తేడా కనబడేదంతా మొదటి సగం తొక్కుడులోనే. కొన్ని బళ్లలో మాత్రం నిజంగానే కోత ఉంటాది, ఎక్స్‌యూవీ 700 డీజిల్‌లో జిప్ పెడితే పవరే తగ్గించి ఇస్తాది. మీ బండి ఏ రకమో తెలుసుకోవాలంటే ఖాళీ రోడ్డు చూసుకుని, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, ఒకే చోట నుంచి ఒకే స్పీడులో మొదలెట్టి, ముందు పెడల్ పావు వంతు తొక్కి ఎకోలో ఒకసారి స్పోర్ట్‌లో ఒకసారి చూడండి, తర్వాత పూర్తిగా తొక్కి రెండు మోడ్‌ల్లోనూ చూడండి. పావు వంతులో తేడా బాగా ఉండి, పూర్తిగా తొక్కినప్పుడు తేడా లేకపోతే మీ ఎకో కేవలం పెడల్‌ని మెత్తబరిచే ఎకో.

ఆటోమేటిక్ బండి అయితే రెండో మార్పు గేరుబాక్స్‌లో, నన్నడిగితే పెడల్ కంటే ఇదే పెద్దది. ఎకోలో గేర్లు తొందరగా పైకి వేసేస్తాది, ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు) తిరిగితే ఆయిల్ తక్కువ తాగుతాదని. స్పోర్ట్‌లో కింది గేరు వదలకుండా పట్టుకుని ఉంటాది, అందుకే మోత ఎక్కువ, పికప్ ఎక్కువ. మాన్యువల్ గేరు బండికి ఈ భాగం వర్తించదు, అక్కడ గేరు మీ చేతిలో ఉంది, మోడ్ మారిస్తే మారేది ముఖ్యంగా పెడలే.

ఇవి కాక కొన్నిటిలో స్టీరింగ్ బరువు మారుతాది, స్పోర్ట్‌లో బిగుతుగా ఎకోలో తేలిగ్గా. అది ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాబట్టి మోటార్ ఇచ్చే సాయం తగ్గిస్తే బరువనిపిస్తాది, అంతే గానీ బండికి రోడ్డు మీద పట్టు ఏమీ పెరగలేదు. చాలా బళ్లలో ఎకో పెడితే ఏసీ కూడా నెమ్మదిస్తాది, కంప్రెసర్‌ని అస్తమానం తిరగనివ్వదు. మే నెలలో టిట్లాగఢ్ వైపు వెళ్తూ ఏసీ సర్వీసుకి ఇవ్వాలేమో అనుకునే ముందు ఒకసారి ఎకో తీసి చూడండి. సస్పెన్షన్ మెత్తగా గట్టిగా మారడం అనేది ఖరీదైన బళ్లలో ఉండే సరుకు, మన బడ్జెట్ బళ్లలో ఏ మోడ్ పెట్టినా గుంత గుంతే.

ఘాటీ ఎక్కడం

సాలూరు మైదానంలో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ ఎత్తులో ఎక్కువ భాగం ఎన్‌హెచ్ 26 మీద ఘాటీలోనే ఎక్కాలి. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలు. ఇప్పుడు ఆటోమేటిక్ బండి, ఎకో మోడ్, లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను అనుకోండి. ముందు లారీ 20లో పాకుతోంది. మలుపు దగ్గర మీరు కాలు తీస్తారు, కాలు తీయగానే గేరుబాక్స్ "ఓహో ఈయనకి పవర్ అక్కర్లేదు" అనుకుని పై గేరు వేస్తాది. మలుపు తిరిగాక తొక్కుతారు, ఏమీ రాదు, ఎందుకంటే ఇంజన్ 1500 ఆర్‌పీఎం కింద ఉంది, అక్కడ ఇంజన్‌కి గాలి ఎక్కువగా తోసే చిన్న టర్బో ఇంకా నిద్రలోనే ఉంటాది. ఇంకొంచెం తొక్కుతారు, అప్పుడు గేరు దింపి ఒక్కసారి ఎగిరి దూకుతాది, మీరు భయపడి కాలు తీస్తారు, మళ్లీ పై గేరు. మూడు నాలుగు, మూడు నాలుగు అంటూ ఊగులాడతానే ఉంటాది. వెనక సీట్లో పిల్లలు వాంతి చేసుకునేది సగం మలుపులకి, సగం ఈ ఊగులాటకి. పైగా ఇలా ఎక్కితే ఆయిల్ కూడా మిగలదు, ఎకోలో తగ్గించి ఇస్తోందని మన కాలు తెలియకుండానే ఇంకా ఎక్కువ తొక్కుతాది కాబట్టి.

అందుకని ఘాటీ కింద, మొదటి మలుపు రాకముందే, ఎకో తీసేయండి. అలాగని వెంటనే స్పోర్ట్ కూడా పెట్టకండి, హెయిర్‌పిన్ మలుపుల్లో స్పోర్ట్ పెడల్ మరీ చురుగ్గా ఉండి కాలు కొంచెం కదిలినా బండి ఉలిక్కిపడతాది. నా పద్ధతి ఏంటంటే నార్మల్ లేదా సిటీ పెట్టుకుని గేరు లీవర్‌ని మాన్యువల్ వైపు లాగేసి, లేదా స్టీరింగ్ వెనక పాడిల్స్ ఉంటే వాటితో, రెండు గానీ మూడు గానీ పట్టుకుని ఎక్కడం. ఇంజన్ 2000 నుంచి 2500 దగ్గర హాయిగా తిరుగుతాది, కాలుకి తగ్గట్టు పవర్ వస్తాది, గేరు మధ్యలో మారదు. మాన్యువల్ మోడ్ లేని బండి అయితే అప్పుడు స్పోర్ట్ పెట్టి కాలు మెత్తగా వాడండి.

లారీని దాటాలంటే స్పోర్ట్ పనికొస్తాది, కానీ దాటడం మొదలెట్టాక కాదు, ముందే, లారీ వెనక ఖాళీ ఉంచుకుని ఉన్నప్పుడే నొక్కాలి. సగం దాటాక నొక్కితే ఆ క్షణంలో గేరు దిగి స్టీరింగ్ బరువు మారి బండి తీరే మారిపోతాది, ఎదురుగా ఇంకో లారీ హెడ్‌లైట్లు కనబడుతున్నప్పుడు అదెందుకు మనకి. మలుపు మధ్యలో కూడా నాబ్ ముట్టుకోవద్దు.

మాన్యువల్ బండి వాళ్లకి ఒక్కటే మాట, ఎకోలో ఉండి నాలుగో గేరులో ఘాటీ ఎక్కించి ఇంజన్‌ని టకటకమని కొట్టించకండి. గేరు దింపండి. రెండులో 2200 ఆర్‌పీఎం, నాలుగులో 1200 కంటే ఇంజన్‌కి సుఖం.

ఏఎంటీ బళ్లూ (మామూలు గేరుబాక్స్‌కే క్లచ్, గేర్లు మిషనే వేసేవి), డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఉన్న బళ్లూ నడిపేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఘాటీ జామ్‌లో ముందు లారీ ఆగిపోయినప్పుడు బ్రేక్ వదిలేసి రేసుతో బండిని వాలు మీద నిలబెట్టే అలవాటు కొందరికి ఉంటాది. లోపల క్లచ్ అరిగిపోతా ఉంటాది, వేడెక్కి హెచ్చరిక లైటు వస్తాది, ఒక్కోసారి కదలనని మొండికేస్తాది. ఏ మోడ్ పెట్టినా దీనికి మందు లేదు. బ్రేక్ తొక్కి ఉంచండి లేదా హ్యాండ్ బ్రేక్ వేయండి, ముందు బండి ఒక నిండు బండంత దూరం కదిలాకే మీరు కదలండి.

దిగడం, అసలు కథ ఇక్కడుంది

ఎక్కేటప్పుడు తప్పు మోడ్ పెడితే చిరాకు, దిగేటప్పుడు పెడితే ప్రమాదం. ఎకోలో చాలా ఆటోమేటిక్‌లు కాలు తీయగానే పై గేర్లోకి పోయి బండిని జారనిస్తాయి, ఇంజన్ పట్టు ఉండదు, స్పీడు పెరుగుతానే ఉంటాది, మీరు బ్రేక్ మీద కాలు పెట్టి కిందిదాకా తీయరు. నాలుగైదు మలుపులు అయ్యేసరికి కమురు వాసన. ఆ వాసన వచ్చిందంటే ప్యాడ్లు వేడెక్కాయి, ఇంకా తొక్కితే పెడల్ మామూలుగానే ఉండి బండి మాత్రం ఆగదు. అలాంటప్పుడు వెంటనే కింది గేరు వేసి, వీలైన చోట పక్కకి ఆపి, బ్రేకులు చల్లారనివ్వాలి, నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్క్ వంకర పోవచ్చు.

కాబట్టి దిగేటప్పుడు మాన్యువల్‌లో పెట్టి రెండో మూడో గేరు పట్టుకోండి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని లారీ డ్రైవర్లు చెప్పేది కారుకి కూడా సరిపోతాది. మాన్యువల్ పొజిషన్ లేకపోతే స్పోర్ట్ పెట్టండి, స్పోర్ట్ కింది గేరు పట్టుకుంటాది కాబట్టి దిగేటప్పుడు ఎకో కంటే మేలు. ఎల్ అనో బీ అనో పొజిషన్ ఉంటే ఇంకా మంచిది, టొయోటా హైబ్రిడ్‌లలో బీ ఉన్నది దీనికోసమే. బ్రేక్‌ని మలుపు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయండి, సన్నగా అదేపనిగా తొక్కి పెట్టకండి.

న్యూట్రల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వైపు ఇది ఇంకా పోలేదు, ఘాటీ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే ఆయిల్ మిగులుతాదని. కార్బురేటర్ కాలంలో ఏమో గానీ ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉండి కాలు పూర్తిగా తీసేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఈసీయూ ఆయిల్ పోయడం ఆపేస్తాది, ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా తిరగాలి కాబట్టి ఆయిల్ తాగుతానే ఉంటాది. ఇంజన్ పట్టు పోయె, ఆయిల్ కూడా పోయె. ఇంకా కొందరు ఇంజనే ఆపేస్తారు, అప్పుడు రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేక్ రాయిలా అయిపోతాది, స్టీరింగ్ బరువెక్కుతాది. చిన్నాన్నలకీ మామయ్యలకీ దీని గురించి చెప్తే "మేం ముప్పై ఏళ్ల నుంచి నడుపుతున్నాంరా" అంటారు, అయినా చెప్పండి.

హిల్ డిసెంట్ కంట్రోల్ బటన్ ఉన్నవాళ్లు దాన్ని హైవే ఘాటీలో వాడాల్సిన పని లేదు. అది బాగా నిటారుగా, రాళ్లూ మట్టీ ఉన్న చోట నడక వేగంతో దిగడానికి. 1672 మీటర్ల దేవమాలి లాంటి కొండల మీదికి వెళ్లినప్పుడు ఒక్కో వాలు దగ్గర పనికొస్తాది.

ఎలక్ట్రిక్ బళ్లు

నెక్సాన్ ఈవీ, టియాగో ఈవీ లాంటివి ఇటు కూడా కనబడుతున్నాయి. వీటిలో మోడ్ వేరు, రీజెన్ వేరు, రెండూ కలిపేసుకోకండి. మోడ్ అంటే పెడల్ తొక్కితే ఎంత దూకుతాదన్నది, రీజెన్ అంటే కాలు తీస్తే మోటార్ ఎంత గట్టిగా పట్టి బ్యాటరీకి కరెంటు వెనక్కి పంపుతాదన్నది. ఘాటీ ఎక్కేటప్పుడు ఎకోలోనే ఎక్కొచ్చు, మోటార్‌కి టర్బో కోసం ఎదురుచూడటం, గేర్ల ఊగులాట ఏవీ లేవు. రేంజ్ మాత్రం మీటర్ మీద కళ్ల ముందే కరుగుతాది, కంగారు పడకండి, కొంత దిగేటప్పుడు తిరిగొస్తాది. దిగేటప్పుడు రీజెన్ ఎక్కువ లెవల్‌లో పెట్టుకుంటే బ్రేక్ దాదాపు ముట్టుకోనక్కర్లేదు.

కానీ ఒక మెలిక ఉంది. కోరాపుట్‌లోనో సునాబేడలోనో రాత్రంతా 100 శాతం చార్జ్ చేసి పొద్దున్నే సాలూరు వైపు దిగితే, నిండిన బ్యాటరీలో కరెంటు పెట్టడానికి చోటు లేక రీజెన్ సరిగ్గా పట్టదు, అలవాటైన పట్టు లేక మొదటి మలుపు దగ్గర గుండె జారుతాది. దిగే రోజు 80, 85 దగ్గర ఆపేయండి, దారిలో అదే నింపుకుంటాది.

వాన, ఎర్ర బురద

స్నో, మడ్, శాండ్ అని, లేకపోతే వెట్, రఫ్ అని ఇంకో రకం మోడ్‌లు ఉంటాయి. ఇది చూసి మన బండి ఫోర్ వీల్ అనుకునేవాళ్లు ఉన్నారు. క్రెటా, సెల్టోస్, హ్యారియర్‌లలో పవర్ వెళ్లేది ముందు రెండు చక్రాలకే, ఈ మోడ్‌లు చేసేది పెడల్‌ని మార్చడం, ఏ చక్రం జారితే దాన్ని బ్రేక్‌తో ఎంత తొందరగా పట్టాలో మార్చడం. ఫోర్ వీల్ వేరు: స్కార్పియో ఎన్‌లో, థార్‌లో లీవరో స్విచ్చో ఉంటాది, గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌లో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని నాలుగుంటాయి, అందులో లాక్ అనేది బురదలో మెల్లగా బయటపడటానికి.

జూలై ఆగస్టుల్లో తారు రోడ్డు తడిగా ఉంటే వెట్ గానీ స్నో గానీ పెట్టుకోవచ్చు, పేరు స్నో అని ఉన్నా జారే రోడ్డుకి అదే పని, పెడల్ మెత్తబడి చక్రం ఒక్కసారిగా తిరగదు. అవి లేకపోతే తడి రోడ్డుకి ఎకో కూడా బాగానే పనిచేస్తాది, అదీ పెడల్‌ని మెత్తబరుస్తాది కదా. స్పోర్ట్ మాత్రం వద్దు. టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే అరిగిపోయి ఉంటే చట్టం ప్రకారమే ఆ టైరు పనికిరాదు, దాని మీద ఏ మోడ్ పెట్టినా దండగ.

లోపలి ఊళ్లకి, సంతలకి వెళ్లే మట్టి రోడ్లలో ఎర్ర బురద పడితే అక్కడ లెక్క వేరు. మామూలు మోడ్‌లో చక్రం కొంచెం జారగానే కంప్యూటర్ పవర్ కోసేస్తాది, బురదలో అలా కోస్తే ఉన్నచోటే ఆగిపోతాం. మడ్ మోడ్ చక్రాన్ని కొంచెం తిరగనిచ్చి బురద విదిలించుకుని పట్టు దొరికించుకోనిస్తాది. మడ్ లేకపోతే ఈఎస్‌పీ (చక్రం జారితే పవర్ కోసి పట్టే ఏర్పాటు) ఆఫ్ బటన్ నొక్కి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండో గేరులో మెల్లగా రండి. దిగబడిపోతే రేసు ఇచ్చి ఇంకా లోతుకి తవ్వుకోకండి, దిగి చక్రం ముందు రాళ్లో కొమ్మలో వేయండి, వెనక్కీ ముందుకీ మెల్లగా ఊపి తీయండి. బయటపడ్డాక ఈఎస్‌పీ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

ఊళ్లో, హైవే మీద, మైలేజీ లెక్క

ఎకోకి సరైన చోటు ఊరి లోపల. బరంపురం ట్రాఫిక్‌లో, రాయగడ బజారులో ఆటోల మధ్య జరుగుతున్నప్పుడు మెత్తటి పెడల్ హాయి, ఆయిల్ కూడా నిజంగానే కొంచెం మిగులుతాది. ఎన్‌హెచ్ 16 మీద ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు ఒకే స్పీడులో పోతున్నప్పుడు మోడ్ వల్ల పెద్దగా తేడా రాదు, బండి ఎలాగూ పై గేరులోనే ఉంటాది. అక్కడ మైలేజీ తినేది గాలి, స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు అవుతాది, 110 నుంచి 85కి దిగితే మిగిలేదాని ముందు ఎకో బటన్ మిగిల్చేది చిల్లరే.

నమ్మకం లేకపోతే లెక్క చూసుకోండి. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మీరు రోజూ తిరిగే దారుల్లోనే ఒక ట్యాంకు ఎకోలో, ఒక ట్యాంకు నార్మల్‌లో తిరిగి, మళ్లీ అదే బంకులో నింపి కిలోమీటర్లని లీటర్లతో భాగించండి. స్క్రీన్ మీద చూపించే మైలేజీని నమ్మొద్దు. బంకు మన ఒడిశా వైపుదే చూసుకోండి, ఆంధ్రాలో కంటే లీటరు తక్కువకి వస్తాది, పార్వతీపురం నుంచి మా తోడల్లుడు వచ్చినప్పుడల్లా ఇక్కడే నింపుకుని పోతాడు.

స్పోర్ట్‌లో తిప్పితే ఇంజన్ పాడవుతాదా అని తరచూ అడుగుతారు. పాడవదు, ఆర్‌పీఎం హద్దు ఏ మోడ్‌లోనైనా ఉంటాది. ఆయిల్ ఖర్చు, టైర్లూ బ్రేకులూ తొందరగా అరగడం, అంతే, అది కూడా మన కాలు బట్టే. కొన్ని బళ్లు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మోడ్ నార్మల్‌కి వచ్చేస్తాయి, కొన్ని పాతదే గుర్తు పెట్టుకుంటాయి, బయల్దేరేటప్పుడు స్క్రీన్ మీద ఒక చూపు చూసుకోండి.

ఇంకా బండి కొననివాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ముందు ఏ మోడ్‌లో ఉందో చూడండి, స్పోర్ట్‌లో ఉంటే ఏ బండైనా మొదటి కిలోమీటరు బాణంలా అనిపిస్తాది. నార్మల్‌కి మార్చి, ఇంట్లోవాళ్లని నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, ఊరి బయట ఏదైనా ఎత్తు ఎక్కించండి. మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. మాన్యువల్ పొజిషన్ ఉందా, అది గేరుని నిజంగా పట్టుకుంటోందా లేక దానంతటదే మార్చేస్తోందా చూడండి. కుదరదు, రూటు ఇంతే అంటే ఇంకో షోరూమ్‌కి వెళ్లి అడగండి, బుకింగ్ డబ్బులు జేబులోనే ఉన్నాయి కదా.